ఎలుకకు నెలసరి రాదు: మరి ఎండోమెట్రియోసిస్‌ను దేనిలో పరిశోధిస్తున్నారు?

2023లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక అధ్యయనం ప్రపంచమంతటా వార్త అయింది. ఎండోమెట్రియోసిస్ ఉన్న స్త్రీలలో 64 శాతం మందికి గర్భాశయపు లోపొరలో ఫ్యూసోబాక్టీరియం అనే సూక్ష్మజీవి కనిపించిందని, జబ్బు లేని వారిలో అది పది శాతం కన్నా తక్కువ మందికే ఉందని ఆ పరిశోధకులు తెలిపారు. అదే అధ్యయనంలో రెండో భాగం ఒకటి ఉంది. ఈ బాక్టీరియాను ఎక్కించిన చిట్టెలుకల్లో జబ్బు మచ్చలు ఎక్కువగా, పెద్దవిగా పెరిగాయి. యాంటీబయాటిక్స్ ఇస్తే తగ్గాయి. ఏళ్ల తరబడి కడుపునొప్పితో మందులు మారుస్తూ వచ్చిన వారికి ఈ రెండో భాగమే ఆశ పుట్టించింది. అయితే చిట్టెలుకకు నెలసరి రాదు, ఎండోమెట్రియోసిస్ దానంతట అది రాదు. మరి ఆ చిట్టెలుకలో తగ్గినది ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఈ జబ్బును పరిశోధకులు ప్రయోగశాలలో ఎలా పుట్టిస్తారో చూడాలి.

ముందుగా జబ్బు సంగతి

గర్భాశయం లోపలి గోడకు ఉండే పొరను ఎండోమెట్రియం అంటారు. ప్రతి నెలా మందమై, గర్భం రాకపోతే రాలిపోయేది ఇదే. దీనిని పోలిన కణజాలం గర్భాశయానికి బయట, అంటే అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పలుచటి పొర మీద, పేగుల మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. అలా పెరిగిన చోట్లను వైద్యులు లీజన్లు అంటారు. ఈ వ్యాసంలో మచ్చలు అందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పునరుత్పత్తి వయసులో ఉన్న వారిలో దాదాపు పది శాతం, అంటే సుమారు 19 కోట్ల మంది స్త్రీలు, బాలికలు దీనితో జీవిస్తున్నారు.

మచ్చలన్నీ ఒక రకం కావు. పొట్ట లోపలి పొర మీద పైపైన ఉండేవి ఒక రకం. అండాశయంలో పాత రక్తం నిండి చాక్లెట్ సిస్టులుగా మారేవి రెండో రకం. పేగు గోడలోకి, యోనికి మలాశయానికి మధ్యకు లోతుగా చొచ్చుకుపోయి గట్టి గడ్డలయ్యేవి మూడో రకం. ఈ తేడా తర్వాత చెప్పబోయే ఒక వైఫల్యంలో చాలా ముఖ్యమవుతుంది.

జబ్బు ఎలా మొదలవుతుందన్న దానికి ఎక్కువ మంది చెప్పే వివరణ అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1920లలో ప్రతిపాదించినది. నెలసరి సమయంలో కొంత రక్తం, రాలిన కణజాలం ఫాలోపియన్ నాళాల గుండా వెనక్కి నడిచి పొత్తికడుపులో పడి అక్కడ అంటుకుంటాయన్నది ఆయన మాట. ఈ వివరణలో ఒక చిక్కుంది. నాళాలు తెరుచుకుని ఉన్న స్త్రీలలో దాదాపు 90 శాతం మందికి ఇలా వెనక్కి ప్రవహిస్తుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. వెనక్కి ప్రవహించేది తొమ్మిది మందికైతే, జబ్బు వచ్చేది ఒక్కరికే ఎందుకు? రోగనిరోధక వ్యవస్థ ఊడ్చేయకపోవడమా, హార్మోన్ల తేడానా, జన్యువులా, బాక్టీరియానా?

స్త్రీలనే పరిశీలించి దీనిని తేల్చడం కష్టం. పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి కెమెరా పంపే లాపరోస్కోపీ జరిగేనాటికి సాధారణంగా జబ్బు వయసు కొన్ని ఏళ్లు ఉంటుంది. మొదటి కణం అంటుకున్న రోజును ఎవరూ చూడలేదు. ఆ రోజును చూడడానికే మోడళ్లు కావాలి. మోడల్‌ను తెలుగులో నమూనా అనవచ్చు గానీ, పరీక్షకు తీసుకునే రక్తాన్నీ కణజాలాన్నీ కూడా మనం నమూనా అనే అంటాం కనుక ఇక్కడ మోడల్ అనే మాటనే వాడుతున్నాను. జబ్బులో ఒక భాగాన్ని వేరుచేసి, మన చేతిలో ఉండేలా మరోచోట తిరిగి కట్టుకున్నదే మోడల్. ఏ భాగాన్ని కట్టుకున్నామన్నదే అసలు సంగతి.

చిట్టెలుకకు నెలసరి ఎందుకు రాదు

తెలుగు పత్రికలు రెండింటినీ ఎలుకలనే రాస్తాయి గానీ, ప్రయోగశాలలో పెద్ద ఎలుక వేరు, చిట్టెలుక వేరు. నెలసరి రెండింటికీ లేదు. నాలుగైదు రోజులకొకసారి హార్మోన్ల చక్రం తిరుగుతుంది, అంతే.

కారణం ఆతిథ్యంలో ఉంది. చిట్టెలుక గర్భాశయం చుట్టం గుమ్మం తొక్కాకే పొయ్యి వెలిగించే ఇల్లు: పిండం వచ్చి తాకాకే లోపొర గర్భానికి తగినట్టు మారడం మొదలుపెడుతుంది. మనిషిలో చుట్టం వచ్చినా రాకపోయినా నెలనెలా వంట సిద్ధమవుతుంది. చుట్టం రాకపోతే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోయి, సిద్ధమైన పొర అంతా రాలిపోతుంది. ఇలా పిండంతో పనిలేకుండా ముందే మారే లక్షణం మనుషులకు, మనతో దగ్గరి చుట్టరికం ఉన్న వానరాలకు, బబూన్, రీసస్ వంటి ఆసియా, ఆఫ్రికా కోతులకు, కొన్ని గబ్బిలాలకు, మరి కొన్ని జంతువులకే ఉంది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ముళ్లలాంటి వెంట్రుకలుండే ఒక జాతి చిట్టెలుకకు సుమారు తొమ్మిది రోజుల చక్రంతో నెలసరి లాంటిది వస్తుందని 2016 ప్రాంతంలో గుర్తించినప్పుడు అది ఈ రంగంలో పెద్ద విశేషమైంది. ఎలుక జాతిలో అటువంటిది అంతకుముందు తెలియదు.

కుట్టి పెట్టిన మచ్చ, రాల్చి పోసిన మచ్చ

నెలసరి లేని జంతువులో నెలసరికి ముడిపడిన జబ్బును ఎలా పుట్టించాలి? 1985లో వెర్నన్, విల్సన్ అనే పరిశోధకులు పెద్ద ఎలుకలో వాడిన పద్ధతి ఈనాటికీ వాడుకలో ఉంది. ఎలుక గర్భాశయం రెండు కొమ్ముల్లా చీలి ఉంటుంది. మత్తు ఇచ్చి, పొట్ట తెరిచి, ఒక కొమ్మును కోసి, దానిని చిన్న చిన్న చదరపు ముక్కలు చేసి, పేగులను పట్టి ఉంచే పొరలోని రక్తనాళాల పక్కన ఒక్కొక్క ముక్కనూ దారంతో కుడతారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ తెరిచి చూస్తే ఆ ముక్కలు రక్తప్రసరణ తెచ్చుకుని, ద్రవం నిండిన తిత్తులై ఉంటాయి. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉంటే పెరుగుతాయి, అండాశయాలు తీసేస్తే కుంచించుకుపోతాయి. మచ్చ ఎక్కడుందో ముందే తెలుసు కనుక కొలవడం తేలిక.

ఇందులో లోటు కూడా అక్కడే ఉంది. కుట్టినది రాలిన లోపొర కాదు, కండరంతో సహా గర్భాశయపు గోడ. అంటుకోవడమన్న మెట్టునే దారం దాటించేసింది. కాబట్టి ఈ మోడల్‌ను “ఉన్న మచ్చ ఏ హార్మోనుకు పెరుగుతుంది, దేనికి తగ్గుతుంది?” అని అడగవచ్చు. “అది ఎందుకు అంటుకుంది?” అని అడిగితే వచ్చే జవాబు “మీరే కుట్టారు కనుక” అన్నదే.

ఈ లోటును తీర్చడానికి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన పద్ధతి నాకు ఈ రంగంలోని అత్యంత తెలివైన పనుల్లో ఒకటిగా తోస్తుంది. ముందుగా ఒక చిట్టెలుక అండాశయాలు తీసేసి, హార్మోన్లను బయటి నుంచి లెక్క ప్రకారం ఇస్తారు. పిండం వచ్చిందని గర్భాశయాన్ని నమ్మించడానికి లోపలికి కొద్దిగా నూనె ఎక్కిస్తారు. పొర మందమయ్యాక ప్రొజెస్టిరాన్ ఆపేస్తారు. పొర విరిగి, రక్తంతో రాలడం మొదలవుతుంది. ఒక రకంగా చిట్టెలుకకు నెలసరి తెప్పించినట్టే. ఆ రాలిన కణజాలాన్ని సేకరించి, అదే వంశానికి చెందిన మరో చిట్టెలుక పొట్టలోకి సూదితో పంపుతారు. కుట్టు లేదు. అంటుకుంటే అంటుకుంటుంది, లేకపోతే లేదు. కొన్నింటిలో మచ్చలు అసలు రావు, వచ్చినా సంఖ్య తక్కువ. ప్రయోగం చేసేవారికి ఇది తలనొప్పి, కానీ జబ్బుకు దగ్గరగా ఉన్నది ఇదే.

ఇక్కడ చిట్టెలుక మరే మోడలూ చేయలేని పని ఒకటి చేస్తుంది. రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు ఆకుపచ్చగా వెలిగేలా జన్యుమార్పిడి చేసిన చిట్టెలుకను దాతగా పెట్టి, మామూలు చిట్టెలుకను గ్రహీతగా పెడితే, మచ్చలోని మాక్రోఫేజ్ రాలిన పొరతో వచ్చిందా, గ్రహీత ఒంటి నుంచి వచ్చిందా అన్నది సూక్ష్మదర్శినిలో రంగు చూసి చెప్పవచ్చు. 2021లో అదే బృందం ప్రచురించిన పనిలో మాక్రోఫేజ్‌లన్నీ ఒకే పక్షాన లేవని తేలింది: లోపొరతో పాటు వచ్చినవి మచ్చ పెరుగుదలకు తోడ్పడుతుంటే, గ్రహీత రక్తం నుంచి పొట్టలోకి చేరిన కొన్ని దానిని అడ్డుకుంటున్నాయి. ఏ స్త్రీ పొట్టలోనైనా ఈ రెండింటినీ ఇలా వేరుచేసి చూసే మార్గం లేదు.

సమయం విషయంలో మాత్రం చిట్టెలుకను జాగ్రత్తగా చదవాలి. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక మందును సోమవారం కణజాలం ఎక్కించి, అదే సోమవారం నుంచి రోజూ ఇచ్చారు. రెండు వారాల తర్వాత మందు తిన్న పది చిట్టెలుకల్లో కలిపి 12 మచ్చలు, తినని పదింటిలో 30 మచ్చలు కనిపించాయి. “మచ్చలు 60 శాతం తగ్గాయి” అని శీర్షిక వస్తుంది. నిజానికి ఏ మచ్చా తగ్గలేదు. 18 మచ్చలు పుట్టలేదు. అదే మందును మచ్చలు ఏర్పడిన మూడు వారాల తర్వాత మొదలుపెడితే 30కి 26 మిగలవచ్చు. ఆసుపత్రికి వచ్చే స్త్రీది రెండో పరిస్థితి. అందుకే మందు ఏ రోజున మొదలైందన్న ఒక్క వాక్యం శాతాల కన్నా ఎక్కువ చెబుతుంది.

మరో దారిలో, స్త్రీల నుంచి తీసిన లోపొరనే చిట్టెలుకలో పెడతారు. పరాయి జాతి కణజాలాన్ని దాని శరీరం తిరస్కరించకుండా ఉండాలంటే కొన్ని రోగనిరోధక కణాలు పరిపక్వమయ్యే థైమస్ గ్రంథి లేకుండా పుట్టే, ఒంటిమీద వెంట్రుకలు కూడా లేని చిట్టెలుకలను వాడాలి. మనిషి కణాల మీదే మందును చూస్తున్నామన్నది పెద్ద లాభం. కానీ రోగనిరోధక లోపమే జబ్బుకు మూలమేమో అని అనుమానిస్తూ, రోగనిరోధకతలో ఒక ముఖ్య భాగమే లేని జంతువులో దానిని వెతకడం కొంచెం విచిత్రం.

బబూన్లలో పనిచేసింది, స్త్రీలలో పనిచేయలేదు

బబూన్‌కు నెలసరి వస్తుంది, చక్రం సుమారు 33 రోజులు, ఎండోమెట్రియోసిస్ దానంతట అదే కూడా రాగలదు. దాని నెలసరి కణజాలాన్నే తీసి దాని పొత్తికడుపులో వేస్తే జబ్బు మొదలవుతుంది. మొదటి రోజు నుంచి చూడవచ్చు. కెన్యాలోని నైరోబీ ప్రైమేట్ పరిశోధనా సంస్థలో బెల్జియం శాస్త్రవేత్తల సహకారంతో ఈ పని చాలాకాలం సాగింది.

మచ్చలున్న స్త్రీల పొట్టలోని ద్రవంలో టీఎన్ఎఫ్ అనే, ఒంట్లో వాపును, మంటను (ఇన్ఫ్లమేషన్) రగిలించే ప్రొటీన్ ఎక్కువగా ఉంటుందని తెలుసు. కీళ్లవాతానికి దానిని అడ్డుకునే మందులు అప్పటికే వాడుకలో ఉన్నాయి. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం ఈ తరహా మందులు ఇచ్చిన బబూన్లలో మచ్చలు, ముఖ్యంగా ఎర్రటి కొత్త మచ్చలు, మందు లేని వాటికన్నా తక్కువగా ఉన్నాయి. మనిషికి ఇంత దగ్గరి జంతువులో ఫలితం వచ్చాక అనుమానం దేనికనిపిస్తుంది.

2008లో బెల్జియంలోనే 21 మంది స్త్రీల మీద ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే టీఎన్ఎఫ్ వ్యతిరేక మందుతో జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది. వారందరికీ తీవ్రమైన నొప్పి, యోనికి మలాశయానికి మధ్య కనీసం ఒక సెంటీమీటరు గట్టి గడ్డ ఉన్నాయి. మందు తీసుకున్న వారికి నొప్పి సుమారు 30 శాతం తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్న వారికీ అంతే తగ్గింది. అంటే మందు వల్ల ఒరిగినదేమీ లేదు. ఆ తర్వాత శస్త్రచికిత్సలో గడ్డలు తీసేశాకే నొప్పి బాగా తగ్గింది.

దీనిని రెండు విధాలుగా చదువుతున్నారు. జంతు మోడళ్లు మనిషి జబ్బును ముందుగా చెప్పలేవనడానికి, కోతి జాతి కూడా మినహాయింపు కాదనడానికి ఇదే సాక్ష్యమన్నది ఒక వాదన. బబూన్‌ను అడిగినది పైపొర మీది కొత్త మచ్చల సంఖ్య గురించి, స్త్రీలను అడిగినది ఏళ్లనాటి లోతైన గడ్డల నొప్పి గురించి, కనుక జవాబులు వేరుగా ఉండడంలో వింత లేదన్నది మరొక వాదన. నాకు రెండోదే ఎక్కువ సబబనిపిస్తుంది, కానీ దానికొక బలహీనత ఉంది: విఫలమైన ప్రతిసారీ “ప్రశ్న వేరు” అని తప్పుకోవడానికి అది వీలిస్తుంది. ప్రశ్న వేరని ముందే తెలిసి ఉంటే ఆ 21 మంది మీద ఆ పరీక్ష ఎందుకు జరిగినట్టు?

కోతుల్లో సంఖ్యల చిక్కు కూడా ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆహారంలో డయాక్సిన్ అనే కాలుష్య రసాయనం తిన్న రీసస్ కోతులను ఏళ్ల తర్వాత పరిశీలించి, 1993లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువ మోతాదు తిన్న వాటిలో 71 శాతానికి, తక్కువ మోతాదు వాటిలో 43 శాతానికి, అసలు తినని వాటిలో 33 శాతానికి జబ్బు కనిపించింది. కాలుష్యమే కారణమన్న చర్చకు ఈ అంకెలు పునాది అయ్యాయి. అయితే ఒక్కో గుంపులో కోతులు పది కూడా లేవు. ఏడింటిలో మూడు 43 శాతం, మరొక్క కోతికి జబ్బు వస్తే 57 శాతం. బబూన్లను, రీసస్‌లను వందల్లో పెంచలేరు, పెంచాలని కోరడమూ న్యాయం కాదు.

నొప్పిని ఎలా కొలుస్తారు

స్త్రీ వైద్యుడి దగ్గరకు వచ్చేది మచ్చల సంఖ్య చెప్పడానికి కాదు. పైగా మచ్చల విస్తీర్ణానికీ నొప్పి తీవ్రతకూ పొంతన తక్కువ. రెండు చిన్న మచ్చలతో మంచం పట్టినవారున్నారు, పొత్తికడుపంతా అతుక్కుపోయినా పిల్లలు పుట్టక పరీక్షకు వెళ్లేదాకా తెలియనివారున్నారు. ఎలుకల్లో మచ్చలను కుదించిన రాలాక్సిఫీన్ అనే మందును శస్త్రచికిత్స అయిన 93 మంది స్త్రీలలో పరీక్షించినప్పుడు, మందు తీసుకున్న వారికే నొప్పి త్వరగా తిరిగి వచ్చింది. పరీక్షను మధ్యలో ఆపేయవలసి వచ్చి, 2008లో ఆ సంగతి ప్రచురించారు. మచ్చలు తిరిగి రావడానికీ నొప్పి తిరిగి రావడానికీ వారిలో సంబంధం కనబడలేదు.

చిట్టెలుక చెప్పుకోలేదు. అందుకని వేర్వేరు మందాల నైలాన్ పోగులను దాని పొట్టకో పాదానికో ఆనించి, ఎంత పలుచటి పోగుకు అది ఒళ్లు ముడుచుకుంటుందో చూస్తారు. ముఖం ఎలా బిగుసుకుంది, గూడు కట్టుకోవడం మానిందా అన్నవి కూడా గమనిస్తారు. అమెరికాలోని ఫ్లోరిడాలో కారెన్ బర్క్‌లీ బృందం కుట్టు మోడల్‌లోని ఎలుకల్లో ఆ తిత్తులు తమకంటూ నరాలను పెంచుకుంటున్నాయని, మచ్చకు దూరంగా ఉన్న యోని భాగం కూడా అతిగా స్పందిస్తోందని చూపించింది. కుట్టిన మచ్చ అంటుకోవడం గురించి ఏమీ చెప్పలేదని ముందు అన్నాను. నొప్పి గురించి మాత్రం అదే మోడల్ చాలా చెప్పింది.

గిన్నెలో పెరిగే లోపొర

జంతువు లేకుండా చేసే పనికి చాలాకాలం ఆధారం, ప్లాస్టిక్ గిన్నె అడుగున పలుచగా పరుచుకునే కణాలు. మచ్చలోని ఆధార కణాలు ఇలా పెరుగుతాయి గానీ, గ్రంథులను కట్టే ఎపిథీలియల్ కణాలు కొద్ది రోజులకే తమ స్వభావం కోల్పోతాయి. వాటికి మరణం లేకుండా చేయడానికి వైరస్ జన్యువులు చొప్పించిన కణాలు వాడుకలో ఉన్నాయి, వాటితో వేల పత్రాలు రాయవచ్చు, కానీ అలా మార్చిన కణం ఎంతవరకు మచ్చ కణమన్నది ప్రశ్నే.

2017లో బెల్జియంలోని లూవెన్, ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ బృందాలు వేర్వేరుగా గర్భాశయపు లోపొర నుంచి ఆర్గనాయిడ్లను పెంచాయి. చిన్న బయాప్సీ ముక్కను విడగొట్టి, మెత్తటి జెల్ చుక్కలో ఉంచి, తగిన పోషకాలు పోస్తే, ఒక్కో కణం నుంచి బోలుగా ఉండే చిన్న బంతి పెరుగుతుంది. అది గ్రంథిలా ప్రవర్తిస్తుంది, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్‌లకు స్పందిస్తుంది, నెలల తరబడి బతుకుతుంది. 2019లో లూవెన్ బృందం ఎండోమెట్రియోసిస్ మచ్చల నుంచి కూడా వీటిని పెంచి, ఎవరి మచ్చ నుంచి వచ్చినవి వారి జబ్బు లక్షణాలను నిలుపుకుంటున్నాయని చూపింది. ఒకరి కణాల మీదే నాలుగు మందులు పరీక్షించి చూసే అవకాశం ఇక్కడుంది.

బంతిలో లేనివి మాత్రం చాలా ఉన్నాయి: రక్తనాళాలు, నరాలు, రోగనిరోధక కణాలు. ఆధార కణాలను కలపాలన్నా, అందరూ వాడే జెల్ చిట్టెలుక కణితి నుంచి తీసినది కావడంతో దాని కూర్పు ప్రతిసారీ ఒకేలా ఉండదు. స్వయంగా ఈ జబ్బుతో బాధపడ్డానని బహిరంగంగా చెప్పిన, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు ఇంజనీరు లిండా గ్రిఫిత్ బృందం పూర్తిగా కృత్రిమమైన జెల్ తయారుచేసి, అందులో గ్రంథి కణాలను, ఆధార కణాలను కలిపి పెంచగలిగింది. 2017లోనే షికాగో ప్రాంత పరిశోధకులు అండాశయం, నాళం, లోపొర, గర్భాశయ ముఖద్వారం, కాలేయం కణజాలాలను చిన్న అరల్లో పెట్టి, ద్రవంతో కలిపి, 28 రోజుల హార్మోన్ చక్రాన్ని తిప్పారు. ఆ అండాశయం చిట్టెలుకదే, కనుక అక్కడా జంతువు పూర్తిగా తప్పలేదు.

జంతువులు లేకుండా సాధ్యమా

అమెరికా 2022 చివర్లో, భారత్ 2023లో చట్టాలను, నియమాలను సవరించి, కొత్త మందుల అనుమతికి కణాలు, ఆర్గనాయిడ్లు, కంప్యూటర్ పద్ధతులతో చేసిన పరీక్షలకు చోటు కల్పించాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వంటి సంస్థలు మనిషి కణాలతో కట్టే మోడళ్ల మీద పనిచేస్తున్నాయి. దీనిని చూసి జంతు ప్రయోగాల కాలం అయిపోయిందనేవారు ఉన్నారు. నెలసరి లేని ప్రాణికి కోతపెట్టి మనకు దొరికినది స్వల్పమన్న వారి మాటను తోసిపుచ్చడం కష్టం. గిన్నెలోని బంతికి నొప్పి తెలియదన్న ఎదుటి పక్షం మాటను తోసిపుచ్చడమూ అంతే కష్టం.

చేతిలో ఉన్న మంచి ఫలితాల్లో కొన్ని ఒక మోడల్‌తో వచ్చినవి కావు. 2021లో వెలువడిన ఎన్‌పీఎస్ఆర్1 జన్యువు కథ అలాంటిది. జబ్బు తరచుగా ఉన్న కుటుంబాల స్త్రీల జన్యువులను చదివితే అనుమానం ఒక చోటికి చేరింది. విస్కాన్సిన్‌లో ఒకే వంశవృక్షానికి చెందిన సుమారు 850 రీసస్ కోతుల్లో చూస్తే, జబ్బు వంశపారంపర్యంగా వచ్చిన చోట అదే జన్యువు ఎదురైంది. ఆ జన్యువు తయారుచేసే గ్రాహకాన్ని, అంటే కణం మీద సంకేతాలను అందుకునే ప్రొటీన్‌ను, అడ్డుకునే రసాయనం ఇస్తే చిట్టెలుకల్లో మంట, నొప్పి సూచనలు తగ్గాయి. స్త్రీల నుంచి దిశ, కోతుల నుంచి ధ్రువీకరణ, చిట్టెలుక నుంచి మందు మీద తొలి ఆశ. మందుగా మారడానికి ఇంకా ఎంతో దూరం ఉంది.

ఇప్పుడు నగోయా అధ్యయనానికి తిరిగి వెళ్తే, అది కూడా రెండు వేర్వేరు సాక్ష్యాలుగా విడిపోతుంది. 64 శాతమన్న అంకె స్త్రీల గర్భాశయాల నుంచి వచ్చింది. జబ్బుకూ బాక్టీరియాకూ తోడు ఉందని చెబుతుంది, ఏది ముందో చెప్పదు. చిట్టెలుకల భాగం ఏది ముందో చెబుతుంది, ఎందుకంటే బాక్టీరియాను ఎక్కించినది పరిశోధకులే. కానీ పొట్టలోకి కణజాలాన్ని చేర్చినదీ వారే. బాక్టీరియా ఉంటే అక్కడ పడిన కణజాలం ఎక్కువగా పెరుగుతుందన్నంతవరకు ఆ చిట్టెలుక నమ్మదగిన సాక్షి. ముప్పై ఐదేళ్ల స్త్రీ పేగు గోడలో ఎనిమిదేళ్లుగా గట్టిపడిన గడ్డ యాంటీబయాటిక్‌తో కరుగుతుందా, ఆమె నొప్పి తగ్గుతుందా అన్నది ఆ చిట్టెలుకను ఎవరూ అడగలేదు.